తీపి బావి ఎంత దూరం?

ఒమన్‌లో సొహార్‌కూ ఖాబూరాకూ నడుమ, సముద్రాన్ని ఆనుకుని ఉన్న పట్టణం సహం. తూర్పున సముద్రం, పడమట హజర్ కొండలు, ఆ రెంటి మధ్య బాతినా మైదానం. ఒమన్ సాగుభూమిలో దాదాపు సగం ఈ మైదానంలోనే ఉంది. ఇక్కడి ఖర్జూరం తోటల్లోనూ కంపెనీల్లోనూ దుకాణాల్లోనూ తెలుగు వినిపిస్తుంది. ఈ సంవాదంలో మాట్లాడేవాళ్లు ఇద్దరు. ఒకరిది జగిత్యాల వైపు. సముద్రానికి దగ్గరగా ఉన్న ఒక మజ్రాలో, అంటే తోటలో, 24 ఏళ్లుగా పని చేస్తున్నాడు. చుట్టుపక్కల తెలుగువాళ్లందరికీ ఆయన కాకా. రెండోవాడు కాకినాడ కుర్రాడు, సముద్రపు నీటిని మంచినీరు చేసే ప్లాంటులో టెక్నీషియన్. చలికాలం, గురువారం రాత్రి. మజ్రా గది ముందు ఇనుప మంచం, పొయ్యి మీద చాయ్, గోడకు ఆనించిన కొత్త సైకిల్.

అబ్బాయి: కాకా, లీవు వచ్చింది. ముప్పై రోజులు. అందులో పన్నెండు రోజులు ఈ సైకిల్ మీద తిరిగి, ఆ తర్వాత ఫ్లైట్ ఎక్కుతాను. ముందు పైకి, షినాస్ దాకా. అక్కడి ఖోర్‌లో, అంటే సముద్రపు పాయలో, మడ అడవి చూసి వెనక్కి వస్తాను. తర్వాత కిందికి సవాదీ, మస్కట్, సూర్, తాబేళ్లు గుడ్లు పెట్టే రాస్ అల్ జిన్జ్. చివర బర్ అల్ హిక్మాన్. మొత్తం 800 కిలోమీటర్ల పైమాటే. పోయే ప్రమాదంలో ఉన్న చోట్లన్నీ ఒక్క దారిలో చూడాలని నా కోరిక.

కాకా: పన్నెండు దినాలు! మీ అమ్మ దినాలు లెక్కపెట్టుకుంట కూసుంటది. నువ్వు ఆ దినాలు తీసుకపోయి రోడ్డు మీద పోస్తవా? ఇంకొకటి చెప్త, ఇను. ఈ రోడ్ల మీద సైకిల్ తొక్కేటోళ్లు ఎవలో ఎరుకేనా? మనోళ్లు, బంగ్లాదేశ్ వాళ్లు. సూక్‌కు పోయి ఉల్లిగడ్డ తెచ్చుకునేటోళ్లు. కారు లేక తొక్కుతరు, సోకుకు కాదు. మబ్బుల లైటు లేక బండ్ల కింద పడ్డోళ్లను నేను చూసిన. నీకు సైకిల్ అంటే యాత్ర. మాకు సైకిల్ అంటే గతి లేనితనం.

అబ్బాయి: అమ్మకి చెప్పాను కాకా. ఒప్పుకుంది. రోడ్డు సంగతి మీరన్నది నిజమే. అందుకే హైవే ఎక్కను. ఊళ్ల మీదుగా, సముద్రం పక్కన ఉన్న పాత దారుల్లో పోతాను. చీకటి పడితే ఆగిపోతాను. గతి లేనితనం అన్నారు చూడండి, అక్కడే నాకు వేరే మాట ఉంది. 2010లో టూర్ ఆఫ్ ఒమన్ అని పెద్ద పందెం మొదలైంది. జబల్ అఖ్దర్ కొండ మీదకి సైకిళ్లు ఎక్కుతాయి, జనం చప్పట్లు కొడతారు. వాళ్ల వెనక కార్లుంటాయి, డాక్టర్లుంటారు. ఉల్లిపాయల సంచీ వేలాడేసుకుని పోయేవాడిని మాత్రం ఎవరూ చూడరు. కానీ ఈ నేల అంగుళం అంగుళం తెలిసింది వాడికే. ఆరు నెలలుగా శుక్రవారాలు పాత సైకిల్ మీద తిరిగి చూశాను. సముద్రం వైపు నుంచి లోపలికి వచ్చేకొద్దీ ఖర్జూరాలు ఎట్లా మారతాయో కారులో మూడేళ్లు తిరిగినా నా కంటికి ఆనలేదు. సముద్రం వైపు మొండాలు, తర్వాత మట్టలు ఎండినవి, ఆ తర్వాత సగం పచ్చవి. ఎవరో గీత గీసినట్టు ఉంటుంది.

కాకా: గీత గీసినట్టే ఉంటది. ఆ గీత ఏటేటా లోపలికి జరుగుతది. సరే, చూసినవ్. చూసి ఏం చేసినవ్?

అబ్బాయి: ఏం చెయ్యాలో తెలియాలంటే ముందు చూడాలి కదా.

కాకా: అదే నాకు నమ్మకం లేదు బిడ్డా. నేను మొదట ఈ దేశం వచ్చినప్పుడు మజ్రాకు రాలే. హైమా దిక్కు ఎడారిల, ఒక కాంట్రాక్టరు క్యాంపుల రెండేండ్లు చేసిన. జిద్దత్ అల్ హరాసీస్ అంటరు ఆ జాగను. అక్కడ ఒరిక్స్ అనే తెల్ల జింక ఉండేది. కొమ్ములు కత్తుల తీరు నిలువుగ ఉంటయి. 1972ల ఆఖరు అడవి మందను వేటగాళ్లు పొట్టన పెట్టుకున్నరు. పదేండ్లకు, 1982ల, బయటి దేశాల పెంచిన జింకలను తెచ్చి మళ్ల ఇడిసిండ్రు. హరాసీస్ తెగవాళ్లే కాపలా. 1994ల యునెస్కో ఆ జాగను ప్రపంచ వారసత్వం అన్నది. 1996 వరకు 450 జింకలైనయి. ఊరూరోళ్లు, దేశదేశాలోళ్లు వచ్చి చూసిపోయిండ్రు. 2007ల ఏమైంది? నువ్వే చెప్పు.

అబ్బాయి: జాబితాలోంచి తీసేశారు.

కాకా: ప్రపంచంల అట్ల తీసేసిన మొట్టమొదటి జాగ అదే. రక్షిత ప్రాంతాన్ని 90 శాతం తగ్గించిండ్రు, కింద చమురున్నదని. అప్పటికి 65 జింకలు మిగిలినయి. పిల్లలు పెట్టే జంటలు నాలుగో ఏమో. లోకమంత చూస్తనే ఉన్నది గద? చూపుతోని ఏం ఆగింది? ఇంక నీ సైకిల్‌తోని ఏం ఆగుతది?

అబ్బాయి: ఆ కథలో మీరు సగమే చెప్పారు కాకా. చమురు కన్నా ముందు దొంగలు వచ్చారు. బతికున్న జింకల్ని పట్టుకుపోయి ధనవంతుల తోటలకి అమ్మారు. 450 నుంచి పడిపోవడం అక్కడ మొదలైంది. రక్షిత ప్రాంతం గీత జరిపే నాటికి లోపల కాపాడ్డానికి మిగిలింది తక్కువ. ఆ మాటకొస్తే 1982లో జింక తిరిగి వచ్చింది ఎవరి వల్ల? కాయితం వల్ల కాదు. రోజూ వెంట తిరిగి, ఏ జింక ఎక్కడ ఈనిందో చెప్పగలిగిన హరాసీస్ మనుషుల వల్ల. ఒక్కసారి వచ్చి ఫొటో తీసుకుపోయేవాడి చూపు వేరు, రోజూ అక్కడే తిరిగేవాడి చూపు వేరు. ఇంకో సంగతి. మా కాకినాడ పక్కన కోరింగ మడ అడవి ఉంది. 1978లో అభయారణ్యం చేశారు. 235 చదరపు కిలోమీటర్లు. దాని పక్కన కృష్ణా గోదావరి బేసిన్‌లో గ్యాస్ ఉంది, రిగ్గులు ఉన్నాయి. అయినా గీత నిలబడింది. ఆ గీత లేకపోతే మడ చెట్లు ఎప్పుడో రొయ్యల చెరువులయ్యేవి.

కాకా: ఇంక జరపలేదు అను. జరపరని ఎవలు చెప్పగలరు?

అబ్బాయి: ఎవరూ చెప్పలేరు. అందుకే గీత పక్కన మనుషులుండాలి అంటున్నాను.

కాకా: మనుషులుండుడే మోసం అయిన కాడ ఏం చేస్తవ్? రాస్ అల్ జిన్జ్ అంటివి. ఆ దిక్కు ఒకపారి మా అర్బాబు, ఈ తోట యజమాని, పిల్లగాండ్లను తీసుకపోయిండు, నేను సామాన్లు మోసిన. తాబేళ్ల రక్షిత ప్రాంతం కాడికి కాదు, పక్కన ఒక ఉత్త బీచికి. రాత్రి అయింది. ఇంత పెద్ద తాబేలు, మన గంగాళం అంత ఉంటది, సముద్రంలకెల్లి మెల్లగ మెల్లగ ఎక్కుతున్నది. గైడు లేడు. ఎవలో గుంపు ఉరికొచ్చి ఫోన్ల లైట్లు కొట్టిండ్రు. అది ఆగింది. జర సేపు కదలలే. మళ్ల ఎనుకకు తిరిగి నీళ్లలకు పోయింది. గుడ్లు కడుపులనే ఉన్నయి. దాని పురుడు చెడగొట్టినం. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలే. పోయే ప్రమాదంల ఉన్న జాగ అంటే మనం పోకుండ ఉండవలసిన జాగ. అంతే.

(అబ్బాయి కాసేపు మాట్లాడలేదు. చాయ్ గ్లాసు చేతిలోనే చల్లారింది.)

అబ్బాయి: దీనికి నా దగ్గర జవాబు లేదు కాకా. పచ్చ తాబేలు తను పుట్టిన తీరానికే వచ్చి గుడ్లు పెడుతుంది. అది వెనక్కి తిరిగితే పోవడానికి దానికి వేరే ఊరు లేదు. 1996లో రాస్ అల్ జిన్జ్ తీరాన్ని రక్షిత ప్రాంతం చేసి, గైడు వెంట తప్ప పోవద్దని నియమం పెట్టింది అందుకే. సరే. రాత్రి తీరం నా లెక్కలోంచి తీసేస్తున్నాను. పగలు అక్కడి కేంద్రం దాకా పోయి, వాళ్లు చెప్పేది విని వచ్చేస్తాను. ఇసకలో అడుగు పెట్టను.

కాకా: మరి పక్షుల జాగ?

అబ్బాయి: బర్ అల్ హిక్మాన్ మాత్రం వదలను. ఉత్తరాన సైబీరియా దాకా ఉన్న చలి దేశాల నుంచి ఉల్లంకి పిట్టలు, ఇంకా ఎన్నో రకాలు, చలికాలంలో సుమారు ఐదు లక్షలు అక్కడ దిగుతాయి. 2014లో దాన్నీ రక్షిత ప్రాంతం చేశారు. అటువంటివే మా కాకినాడ బురద నేలల్లోనూ దిగుతాయి. చిన్నప్పుడు మా నాన్న వల దగ్గర కూర్చుని చూసేవాణ్ణి. ఈ పిట్టలు ఏడాదికోసారి ఎంత దూరం ఎగిరి వస్తాయో తెలిశాక ఒక మాట అర్థమైంది. వాటికి ఒక్క చోటు ఉంటే చాలదు. దారి పొడుగునా దిగడానికి చోట్లు కావాలి. నడుమ ఒక్క బురద నేల పోయినా, అది దాటే బలం లేని పిట్ట అక్కడే రాలిపోతుంది. నేను ఎనిమిది వందల కిలోమీటర్లు నేల మీదనే పోతాననేది అందుకే. విమానం ఒక చోటు నుంచి ఇంకో చోటికి దూకుతుంది. సైకిల్‌కి నడుమ ఉన్నదంతా దాటక తప్పదు.

కాకా: నడుమ ఏముంటది? ఇల్లు, దుకాణం, పెట్రోల్ బంకు. పచ్చగ కనవడేదంత సర్కారు తుమ్మ.

అబ్బాయి: జమ్మి కూడా ఉంది కదా. ఇక్కడివాళ్లు గాఫ్ అంటారు.

కాకా: ఉన్నది. ఏటా దసరాకు ఆ ఆకు తెచ్చి మేమందరం అలైబలై తీసుకుంటం. మా తెలంగాణల జమ్మి రాష్ట్ర చెట్టు. గదే చెట్టు ఇక్కడ ఎడారిల ఒంటెలకు నీడ. మొదటిసారి చూసినప్పుడు నాకు కండ్లకు నీళ్లొచ్చినయి, మా ఊరి పొలిమేర యాదికొచ్చి. కని సర్కారు తుమ్మ కూడ మనతోనే వచ్చినట్టు ఇక్కడ దాపురించింది. బయటి దేశం ముల్లు అది. ఏరు లోతుకు పంపి నీళ్లు గుంజుతది, పక్కన దేన్ని మొలవనియ్యది. దూరం కెల్లి చూస్తే జమ్మి పచ్చనే, తుమ్మ పచ్చనే. కారుల పోయేటోడు ‘ఎంత పచ్చగున్నది’ అనుకుంటడు. దిగి ఆకు పట్టి చూసినోనికే ఏది ఏందో తెలుస్తది.

అబ్బాయి: కాకా, నేను ఇందాకటి నుంచి చెప్పలేక తంటాలు పడుతున్నది మీరు చెప్పేశారు. దిగి చూడాలి. అంతే నా యాత్ర.

కాకా: నన్ను నా మాటతోనే కట్టకు. దిగి చూడాలంటే నువ్వు ఎనిమిది వందల కిలోమీటర్లు ఎందుకు పోవాలె? షినాస్ మడ అడవి, జిన్జ్ తాబేళ్లు, హిక్మాన్ పిట్టలు, అన్నీ పేరున్న జాగలే. బోర్డు పెట్టిన జాగలే. మరి ఈ మజ్రా ఏ లెక్కల ఉన్నది? నేను వచ్చిన కొత్తల ఈ గట్టున తొమ్మిది మామిడి చెట్లుండె. మొదలు అవే పోయినయి. ఆకు అంచులు కాలినట్టు అయితుండె. తర్వాత నిమ్మ. ఇప్పుడు ఖర్జూరం మిగిలింది. అది మొండి చెట్టు, మామిడి ఓర్వని ఉప్పును కూడ ఓర్చుకుంటది. కని దానికీ ఒక హద్దుంటది. సముద్రం దిక్కు మూడు సాల్లు పోయినయి. ఈ ఖర్జూరం మట్ట ఈనెలతోనే ఇక్కడి జాలర్లు శాషా అని పడవ కట్టేటోళ్లు, దాని మీదనే చేపలకు పోయేటోళ్లు. చెట్టు పోతే ఆ పడవ కూడ పోతది. ప్రమాదంల ఉన్న జాగ చూడాలె అంటవ్. నువ్వు అదే జాగల మంచమేసుకొని కూసున్నవ్ బిడ్డా. నీ పటంల ఈడ చుక్క పెట్టినవా?

అబ్బాయి: పెట్టలేదు.

కాకా: ఎందుకు పెట్టలే?

అబ్బాయి: ఇది తోట అనుకున్నాను. ప్రకృతి అంటే మనిషి చెయ్యి పడని చోటు అనుకున్నాను. తప్పే. ఈ బావి నీరు కొండ మీద పడ్డ వానే కదా. వాదీ ఆహిన్ లాంటి వాగుల్లోంచి దిగి, గులకరాళ్ల నేలలో ఇంకి, భూమి కింద నుంచి సముద్రం దాకా నడిచి వస్తుంది. మంచినీరు తేలిక, సముద్రపు నీరు బరువు. అందుకని భూమి కింద మంచినీరు ఉప్పునీటి మీద తేలుతుంది. సముద్రమట్టానికి పైన మంచినీరు ఒక్క మీటరు ఎత్తున నిలిస్తే, దాని బరువుకి కింద ఉప్పునీరు సుమారు 40 మీటర్ల లోతుకి అణిగి ఉంటుంది. మోటారు పెట్టి పైన ఒక్క మీటరు తోడేశారనుకోండి, కింద ఉప్పు 40 మీటర్లు పైకి లేస్తుంది. పైకి చూసేవాడికి పోయింది ఒక్క మీటరే.

కాకా: ఒకటికి నలభై! అట్లనా. నాకు లెక్క తెల్వది గని, నాలుకకు తెలుసు. మోటార్లు రాకముందు ఈడ జాజ్రా ఉండేదట. మన మోట బావి తీరే. ఎద్దు దిగుతది, తోలు బొక్కెన పైకొస్తది. ఎద్దు అలిస్తే బావికి సెలవు. మోటారుకు అలుపు లేదు. పోయిన నీళ్లు ఊరేదాక ఎవలు ఆగిండ్రు? పోనీ వాన వస్తదంటే, షాహీన్ తుఫాను ఎట్ల వచ్చిందో ఎరుకే గద. 2021 అక్టోబర్ 3. ఖాబూరాల ఒక్క దినంల 369 మిల్లీమీటర్ల వాన. మా గదిల నడుము దాక నీళ్లు. అయినా భూమిల ఇంకిందెంత? చానమటుకు ఉరుక్కుంట పోయి సముద్రంల కలిసింది.

అబ్బాయి: అట్లా ఉరికే నీటిని ఆపి ఇంకించడానికే వాగుల మీద ఆనకట్టలు కట్టారు. కానీ ఇంకేదాని కన్నా తోడేది ఎక్కువైతే ఏ ఆనకట్టా చాలదు. కాకా, నా సంచీలో టీడీఎస్ మీటరు ఉంది. నీటిలో ముంచితే ఎంత ఉప్పుందో అంకె చూపిస్తుంది. తాగే నీరు లీటరుకి 500 మిల్లీగ్రాముల లోపు ఉండటం మంచిదంటారు. సముద్రపు నీరు 35,000 పైన ఉంటుంది. దారిలో తాగే నీళ్లు చూసుకుందామని పెట్టుకున్నాను. ఇప్పుడు అనిపిస్తోంది, షినాస్ నుంచి బర్కా దాకా దారి పొడుగునా మజ్రాలే. ప్రతి పది కిలోమీటర్లకి ఒక బావి దగ్గర ఆగితే?

కాకా: ఆగితే? అంకె రాసుకుంటే ఉప్పు తగ్గుతదా?

అబ్బాయి: తగ్గదు.

కాకా: ఆ అంకెలు నీకన్న ఎక్కువ సర్కారు ఇంజనీర్ల కాడ ఉంటయి.

అబ్బాయి: ఉంటాయి. వాళ్ల దగ్గర అంకె ఉంటుంది. మొదట పోయింది మామిడి అని ఎవరి దగ్గర ఉంటుంది? ఆకు అంచు ఎప్పుడు కాలడం మొదలైంది, ఎన్నో సాలు దాకా వచ్చింది, ఏ ఏడు నుంచి బావి నీళ్లతో చాయ్ పెట్టుకోవడం మానేశారు, ఇదంతా తోటల్లో పని చేసేవాళ్లకే తెలుసు. మీలాంటివాళ్లు తెలుగులో చెబుతారు, ఇంకొకరు బంగ్లాలో, ఇంకొకరు మలయాళంలో. వీసా అయిపోతే వాళ్లు ఇంటికి పోతారు. ఆ జ్ఞానం కూడా వాళ్లతో పాటు ఎయిర్‌పోర్ట్ దాటిపోతుంది. తాబేలు గురించి రాసినవాళ్లున్నారు, ఒరిక్స్ గురించి రాసినవాళ్లున్నారు. ఈ బావుల దగ్గర బతికిన మనుషులు చూసింది ఎవరు రాశారు? కారులో వచ్చి అడిగితే బల్దియా వాడేమో అని తలుపు తియ్యరు. సైకిల్ మీద వచ్చినవాడిని కూర్చోబెట్టి నీళ్లిస్తారు.

కాకా: ఇస్తరు. ఎందుకంటే సైకిల్ మీదొచ్చినోడు తమ అసొంటోడే అనుకుంటరు.

అబ్బాయి: మీరు మొదట గతి లేనితనం అన్నది ఇదే కదా కాకా. ఇక్కడ అదే నాకు గేటు తీయిస్తుంది.

(కాకా లేచి పొయ్యిలో పుల్ల వెనక్కి లాగాడు. మోటారు చప్పుడు పక్క తోటలోంచి వస్తూనే ఉంది.)

కాకా: నా మాట మారలేదు. నువ్వు పోయినంత మాత్రాన ఏ చెట్టూ బతకదు. తాబేలు కాడికి పోవద్దు అన్నది కూడ మారలేదు. నీటి సంగతి తేలాలంటే మోటారు ఉన్నోడు ఎంత తోడాలో సర్కారు లెక్క కట్టాలె, ఉన్నోడు ఆ లెక్కకు కట్టుబడాలె. అది సైకిల్ మీద అయ్యే పని కాదు.

అబ్బాయి: కాదు. అది అవ్వాల్సిన రోజున ఇక్కడ ఏం పోయిందో చెప్పే మాట ఒకటి మిగిలి ఉండాలి. అంతవరకే నేను చెయ్యగలను.

కాకా: అయితే ఒకటి చెయ్యి. బావి కాడ అంకె ఒక్కటే రాసుకోకు. మొదలు ఏ చెట్టు పోయిందో అడుగు. ఎన్నేండ్ల కింద పోయిందో అడుగు. చెట్టు పేరు వాళ్లు ఏ భాషల చెప్తే ఆ భాషల రాయి. ఇంక ఒకటి. బర్కా దాకనే ఎందుకు? కొండ దిక్కు కూడ పో. ఉప్పు ఎంత దూరం వచ్చిందో సముద్రం పొంటి పోతే తెల్వది. సముద్రంకెల్లి కొండకు అడ్డం పోతే తెలుస్తది. తీపి బావి ఎంత దూరంల ఉన్నదో అప్పుడు తేలుతది.

అబ్బాయి: అయితే మొదటి రోజు సహం లోనే. ఈ తోట నుంచి మొదలుపెట్టి, వాదీ మీదుగా కొండ అడుగు దాకా. షినాస్ ఆ తర్వాత.

కాకా: ఇప్పుడు ఈ బావికి పెడుతవా ఆ మీటరు?

(ఇద్దరూ బావి దగ్గరకు నడిచారు. కాకా బొక్కెనతో తోడి, ముందు తనే వేలు ముంచి నాలుక మీద పెట్టుకున్నాడు. అబ్బాయి మీటరు ముంచాడు. ఫోన్ వెలుగులో అంకె చూసి, నోటు పుస్తకంలో మొదటి పేజీ తెరిచాడు.)

అబ్బాయి: చెప్పనా కాకా?

కాకా: నాకు చెప్పకు. రాసుకో. అంకె పక్కన రాయి: తొమ్మిది మామిడి చెట్లు. పేరు నాది పెట్టకు, చెట్లవి పెట్టు. కొండ కాడ తీపి బావి దొరికితే మాత్రం ఒక సీసా పట్టుకరా. ఈ పొయ్యి మీద ఆ నీళ్లతోని చాయ్ పెడుత.